కామమ్మ అడిగిన మాట

పట్టపుపాళెం,
తోటపల్లి గూడూరు మీదుగా,
12-6-1961.

పరంజ్యోతి అక్కకు శేషమ్మ నమస్కారాలు.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి పేరు చిన్నపోలయ్య. సముద్రం మీద వేటకు పోయి బతికేవాడు. వెంట ఉన్నది అతని భార్య కామమ్మ. ఆమె ఒళ్లో దూదిలో చుట్టి ఉన్నది నిన్న మధ్యాహ్నం పుట్టిన ఆడబిడ్డ. ఎనిమిదో నెల. నా త్రాసులో మూడున్నర పౌన్లు తూగింది. ఏడుపు వినపడీ వినపడనట్టుంది గానీ, వేలు అందిస్తే గట్టిగా పట్టుకుంటోంది అక్కా.

నేనీ పాళేనికి మిడ్‌వైఫుగా వచ్చి ఎనిమిది నెలలైంది. ఇంతవరకు నన్ను పిలిచిన కాన్పులు మూడే. తక్కినవన్నీ అంకాలమ్మ చేతి మీదుగా జరిగినవే. ఆమె ఇక్కడి మంత్రసాని, చిన్నపోలయ్యకు తల్లి. కోడలి కాన్పు ఇంకెవరికి వదులుతుంది? సంగతి తెలిసి నేను పోయేసరికి తొలిపాలు పిండించి ఇసకలో పారబోయిస్తోంది. "పచ్చంగా చీమున్నట్టుండాయి. అయ్యి తాగితే బిడ్డ బతుకుతుందా?" అంది. అప్పటికే బిడ్డ నాలుక మీద వేలితో ఆముదం రాసింది. మూడు రోజులు చక్కెర నీళ్లేనట.

నేను అడ్డం పడ్డాను. ఇంత చిన్న బిడ్డను నెల్లూరు పంపాల్సిందేనన్నాను. "ఈ చేతులతో ఎంతమందిని తీసినానో నీకు తెలుసునా? నిన్న వచ్చినదానివి, నువ్వా నాకు చెప్పేది?" అని అంకాలమ్మ లేచింది. చిన్నపోలయ్య ఎటూ చెప్పలేక గుంజకు ఆనుకొని నిలబడ్డాడు. చివరికి కామమ్మే అంది: "నర్సమ్మ చెప్పినట్టే పోదాం. నాకు బిడ్డ కావాల."

కామాక్షయ్య డాక్టరుగారి ఆసుపత్రిలో నెలతక్కువ పిల్లలకు వేరే గది ఉందని, దాన్ని చూసేది మా అక్కేనని చెప్పాను. ఆ ఒక్క మాట మీద వస్తున్నారు. ట్రైనింగులో నా తప్పులన్నీ నువ్వే దిద్దావు. ఈ బిడ్డను కూడా నీకే అప్పగిస్తున్నాను.

నీ
శేషమ్మ


నెల్లూరు,
20-6-1961.

చిరంజీవి శేషమ్మకు ఆశీస్సులు.

నీ వాళ్లు క్షేమంగా చేరారు. బిడ్డ బాగుంది. ఈ ఉదయం తూస్తే రెండు ఔన్సులు పెరిగింది. పాలపొడి కలిపి పూటపూటకూ నేనే పడుతున్నాను. మొదట చుక్కలు చుక్కలుగా పోయవలసి వచ్చింది గానీ ఇప్పుడు సీసా పీల్చే పట్టు వచ్చింది.

కామమ్మకే దిగులు. పసిపిల్లల గదిలోకి తల్లులు రాకూడదని డాక్టరుగారి నియమం. బయటి నుంచి రోగాలు వస్తాయని ఆయన భయం. ఆమె వరండాలో గాజు కిటికీ దగ్గర నిలబడుతుంది. నేను బిడ్డను ఎత్తి చూపిస్తాను. "నా పాలు ఊరికే పోతుండాయమ్మా, రైకంతా తడిసిపోతా ఉండాది. రవ్వంత పట్టనీ" అని రోజూ అడిగేది. నాలుగు రోజుల్నించి అడగడం మానేసింది. పాలు ఇంకిపోయినట్టున్నాయి. బిడ్డ నాలుగు పౌన్లు దాటితే ఇచ్చేస్తామని చెప్పాను.

మీ అంకాలమ్మతో తగవు పెట్టుకోకు. అటువంటి మనిషిని పక్కన పెట్టుకొని పని చేసుకోవాలి గానీ ఎదురుపెట్టుకోకూడదు.

పరంజ్యోతి


నెల్లూరు,
1-7-1961.

చి. శేషమ్మకు,

కామమ్మ బిడ్డ నిన్న ఉదయం పోయింది. రెండు రోజులు ఆకుపచ్చగా విరేచనాలయ్యాయి. సెలైను ఎక్కించాం. నిలవలేదు. నెలతక్కువ బిడ్డ, బలం లేదు. చేయవలసిందంతా చేశాం. దైవనిర్ణయం అనుకోవాలి.

తల్లిదండ్రులు బిడ్డను తీసుకొని వెళ్లారు. మధ్యాహ్నానికే నీకు తెలిసి ఉంటుంది.

పరంజ్యోతి


పట్టపుపాళెం,
24-7-1961.

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో నువ్వు కనపడలేదు. ఎవరో గుమస్తా రాసినట్టుంది. నాకు కోపం రాలేదు, భయం వేసింది.

ఇక్కడి సంగతులు విను. కామమ్మ కాలవ దాటే పడవలో కూడా బిడ్డను ఎవరికీ ఇవ్వలేదట. సరుగుడు చెట్ల అవతల పూడ్చారు. నేను వెళ్లాను. ఒక్కరూ నన్ను పలకరించలేదు. అంకాలమ్మ తిడుతుందేమోనని సిద్ధపడి పోయాను. ఆమె తిట్టలేదు. "నా కాడ ఉండుంటే వాళ్లమ్మ పక్కలోనన్నా పోయుండును" అంది. అంతే. తిట్టినా బాగుండేదక్కా.

ఆ తరువాత పాళెంలో రెండు కాన్పులయ్యాయి. నా గుమ్మం ముందు నుంచే నడిచి పోయారు, నన్ను పిలవలేదు.

నిన్న కామమ్మ ఉప్పు అడగడానికన్నట్టు వచ్చింది. అప్పుడు చెప్పింది: "నేనుండంగానే ఆ గదిలో నుంచి ఇంకా నలుగురిని గుడ్డలో చుట్టి ఎత్తుకపోయినారు నర్సమ్మా. అందరివీ నెల తక్కువేనా? నా బిడ్డ దేంతో పోయింది?" నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. నీకు తెలుసా?

శేషమ్మ


నెల్లూరు,
10-8-1961.

చి. శేషమ్మకు,

ఆమె చూసింది నిజమే. గదిలో జబ్బు అంటుకుంది. పదకొండు మందికి వచ్చింది, అయిదుగురు పోయారు. కామమ్మ బిడ్డ అయిదోది. ఇప్పుడా గది మూసేశాం. మంచాలు ఉడకబెట్టి, గోడలకు సున్నం కొట్టించారు. ఈ సంగతి బయటికి రాయవద్దని డాక్టరుగారు మాట తీసుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు శేషా. రెండు వారాలుగా అన్నం సరిగా తినడం లేదని వాళ్లావిడ చెప్పింది.

మద్రాసు నుంచి ఒక లాబొరేటరీ డాక్టరు వచ్చి నాలుగు రోజులున్నాడు. ఆయన చెప్పింది నీకు పనికి వస్తుందని రాస్తున్నాను. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ పేగులో ఒక్క క్రిమి ఉండదట. పుట్టినది మొదలు చేరుతూ వస్తాయి. తల్లిపాలు తాగే బిడ్డ పేగులో సాధువైన క్రిములు పెరిగి, చెడ్డవాటికి చోటివ్వవట. తొలిపాలలో రోగాన్ని ఆపే గుణం మరీ ఎక్కువట. సీసా పాల బిడ్డకు ఆ కాపు లేదు. పెద్దవాళ్ల పేగులో ఏ బాధా పెట్టకుండా పడి ఉండే ఒక రకం క్రిమి, ఆ బిడ్డలో చేరితే రెండు రోజుల్లో ఒంట్లో నీరంతా లాగేస్తుంది. మా గదిలో తిరిగింది అదే.

మీ అంకాలమ్మ తొలిపాలు ఇసకలో పోయించింది. మేం రైకలో ఇంకేలా చేశాం. తేడా ఏముంది?

కామమ్మకు ఏం చెప్తావో నీ ఇష్టం. నన్నింక దీన్ని గురించి అడగకు.

పరంజ్యోతి


పట్టపుపాళెం,
5-2-1962.

అక్కా,

అడగవద్దన్నావని ఆరు నెలలు ఊరుకున్నాను. ఇక వల్ల కాదు.

కామమ్మకు మళ్లీ నెల తప్పింది. మూడో నెల. మొన్న వచ్చి, "ఈసారి నెల్లూరు పోను. నీ దగ్గిరికీ రాను, మాయత్త దగ్గిరికీ పోను. తలుపేసుకోని నేనే కంటాను" అంది. బెదిరింపు కాదు, నెమ్మదిగా ఆలోచించుకొని చెప్పిన మాట. ఇటువంటి మాట మీద ఆడవాళ్లు చచ్చిపోతారు, నీకు తెలుసు.

గదిలో జబ్బు అంటుకుందని ఆమెకు అప్పుడే చెప్పాను. "ఎవరి నుంచి అంటుకునింది?" అని అడిగింది. కనపడినప్పుడల్లా అదే మాట. గాలికి వచ్చిందంటాను. ఆమె నమ్మదు. మద్రాసు డాక్టరు వట్టినే నాలుగు రోజులు కూర్చుని ఉండడు, ఏదో తేల్చే పోయి ఉంటాడు. తేలింది చెప్పు. నిజం తెలిస్తేనే ఆ మనిషి ఎవరో ఒకరిని నమ్ముతుంది. లేకపోతే ఎవరినీ నమ్మదు.

శేషమ్మ


నెల్లూరు,
20-2-1962.

శేషా,

ఇది నాలుగోసారి మొదలుపెట్టడం. ఈసారి చింపను.

మద్రాసు డాక్టరు మా అందరి విరేచనాలూ పరీక్షకు తీసుకుపోయాడు. డాక్టరుగారి దగ్గర నుంచి వంటమనిషి దాకా పదిమందివి. నెలలోపల జవాబు వచ్చింది. ఇద్దరిలో ఆ క్రిమి ఉంది. ఒకరు ఆయా ముసలమ్మ. రెండోది నేను.

మా నుంచి పిల్లలకు వచ్చిందో, పిల్లల నుంచి మాకు వచ్చిందో తేల్చలేమని ఆయన రాశాడు. ఆ వాక్యాన్నే చూపించి డాక్టరుగారు నన్ను ఓదార్చారు. కానీ జూన్ మొదట్లో నాకు రెండు రోజులు విరేచనాలయ్యాయి. పసిగదిలో మనిషి లేదని, కాస్త కుదుటపడగానే పనిలోకి వచ్చాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసినంత జబ్బు అనిపించలేదు. మొదటి బిడ్డకు జబ్బు కనపడింది ఆ తరువాత రెండు వారాలకు.

చేతులు కడుక్కోలేదా అని నువ్వు అడుగుతావు. కడుక్కున్నాను. కానీ గదిలో తుడుచుకునే తువాలు ఒక్కటే. పొద్దున వేసింది సాయంత్రం దాకా అందరికీ అదే. సీసాల రబ్బరు తొడుగులు ఆ చేతులతోనే తొడిగాను. నువ్వు పంపిన బిడ్డ కదా అని అందరికంటే ఎక్కువసార్లు ఎత్తుకున్నది దాన్నే. ఆయాను కూడా ముట్టనివ్వకుండా నేనే పాలు పట్టాను. అది నాకు నిద్రలో కూడా గుర్తొస్తుంది.

నాకు మందు ఇచ్చారు. మూడు పరీక్షల్లోనూ ఏమీ లేదని వచ్చింది. అయినా పసిపిల్లల గదిలోకి పోలేకపోతున్నాను. అడిగి బట్టల గదిలో పని వేయించుకున్నాను. దుప్పట్లు లెక్కపెడుతున్నాను.

నిజం చెప్పమన్నావు. ఇదీ నిజం. కామమ్మకు చదివి వినిపించు. తగ్గించి చదవకు.

పరంజ్యోతి


పట్టపుపాళెం,
9-3-1962.

అక్కా,

నీ ఉత్తరం పది రోజులు పెట్టెలో పెట్టుకున్నాను. మొదట నీ మీద మండిపోయాను. బిడ్డ పోయినందుకు కాదు, "దైవనిర్ణయం" అని రాసినందుకు. తరువాత, ఆ బిడ్డను బలవంతాన పంపింది నేనే కదా అనిపించింది. అప్పుడిక నిన్ను ఒక్కదాన్నే అనే హక్కు నాకు లేకపోయింది.

నిన్న వాళ్లింటికి పోయి చదివాను. చిన్నపోలయ్య వేటకు పోయి ఉన్నాడు. కామమ్మ చేపలు ఎండబోస్తూ వింటోంది. అంకాలమ్మ గోడ వారగా కూర్చుంది. నువ్వు అన్నట్టే ఒక్క ముక్క వదలకుండా చదివాను.

కామమ్మ చేపలు వదిలి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఆ యమ్మేనా? కిటికీలో ఎత్తి చూపించిన యమ్మేనా?" అంది. అవునన్నాను. "తక్కినోళ్లు తెర ఏసేసేవోళ్లు. ఆ యమ్మొకటే చూపించేది" అంది. అని ఏడ్చింది. బిడ్డను పూడ్చిననాడు కూడా ఆమె ఏడవలేదక్కా.

నేను ఊహించనిది అంకాలమ్మను. రెండు చేతులూ తిప్పి చూసుకుంటూ అడిగింది: "ఆ పురుగులు కంటికి కనబడవా?" కనపడవన్నాను. "జబ్బు లేనోళ్ల చేతుల్లో గూడా ఉంటాయా?" ఉంటాయన్నాను. "అయితే నేను ఆముదం నాకించిన వేలు?"

ఆమె మెల్లిగా పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఫలానా వాళ్ల రెండో బిడ్డ, ఫలానా ఆమె కవలలు. నెల తిరక్కుండా విరేచనాలై పోయిన వాళ్లందరూ. "గాలి సోకిందని చెప్పినాను. తాయెత్తు కట్టినాను" అంది. పది పేర్లు దాటాక కామమ్మ లేచి వచ్చి అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "చాల్లే అత్తా. తెలిసి జేసినావా ఏంది?"

ఆ మాట అత్తతో అంది. నీకు కూడా రాస్తున్నాను.

ఈ పొద్దు అంకాలమ్మ నా ఇంటికి వచ్చింది. "సబ్బెట్ట రుద్దుతావో చూపించు" అంది. గోళ్లు కత్తిరించాను. ఆ వేళ్లు చెక్కలాగున్నాయి.

నీ
శేషమ్మ


పట్టపుపాళెం,
26-8-1962.

అక్కా,

కామమ్మకు మగబిడ్డ. పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం. నెలలు నిండాయి, ఆరు పౌన్ల మీద ఉన్నాడు. తలుపు వేసుకొని కంటానన్న మనిషి, నొప్పులు మొదలు కాగానే ఇద్దరికీ కబురు పెట్టింది. నేనూ అంకాలమ్మా చేశాం. బొడ్డు కోసింది నేను. బిడ్డను తల్లి రొమ్ముకు అందించింది అంకాలమ్మ. పచ్చటి తొలిపాలు చూసి ఒక్క క్షణం మొహం తిప్పుకుంది. తరువాత, "తాగరా నాయనా, తాగు" అంది.

అసలు సంగతి నాలుగోనాటిది. వాడికి విరేచనాలు మొదలయ్యాయి. పొద్దున్నుంచి ఆరుసార్లు, పలచగా. కామమ్మ గుడ్డ పట్టుకొని నా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. పచ్చి బాలింత, ఇసకలో కాళ్లు కాలుతున్నా లెక్క లేదు. బండి కట్టించనా, సెలైను ఎక్కడ దొరుకుతుంది, ఇవే ఆలోచనలు. వాళ్లింటికి పోతే అంకాలమ్మ వాకిట్లో ఇంకో గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకొని కూర్చుంది. "నర్సమ్మా, ఇది ఆ కంపు కాదు. చచ్చిపోయిన బిడ్డల కంపు నాకు తెలుసు. ఇది పుల్లపెరుగు వాసనగా ఉండాది" అంది.

నేను కూడా వాసన చూశాను. నవ్వకు. నిజంగా పెరుగు వాసనే. రంగు పసుపు, ఆకుపచ్చ కాదు. బిడ్డను చూస్తే కళ్లు నిగనిగలాడుతున్నాయి, మాడు గుంట పడలేదు, రొమ్ము వదలనంటున్నాడు. అప్పుడు పాఠం గుర్తొచ్చింది. తల్లిపాల బిడ్డ విరేచనం అట్లాగే ఉంటుంది. పుస్తకంలో చదివాను గానీ ఈ పాళెంలో చూడలేదు. నాలుగోనాటికి తల్లిపాలు మాత్రమే తాగి ఉన్న బిడ్డ ఇక్కడ వీడే మొదలు మరి. అయినా ఆ రోజంతా ముగ్గురం వాడి చుట్టూనే కూర్చున్నాం. సాయంత్రం తూస్తే బరువు తగ్గలేదు. కామమ్మ పడుకొని నిద్రపోయింది.

ఒక్కసారి వచ్చి పో. కామమ్మను అడిగే రాస్తున్నాను. "రమ్మను" అంది.

నీ
శేషమ్మ


నెల్లూరు,
17-9-1962.

చి. శేషమ్మకు,

పాళెం నుంచి తిరిగి వచ్చి నాలుగు రోజులైంది. బిడ్డను నా చేతికి ఇవ్వనందుకు నువ్వు నొచ్చుకున్నావని నాకు తెలుసు. నొచ్చుకోకు.

నువ్వు బయటికి పోయినప్పుడు కామమ్మ నాకు మంచినీళ్లిచ్చింది. చేప పులుసుతో అన్నం పెట్టింది. బిడ్డను ఒళ్లోనే పెట్టుకొని మాట్లాడింది. నేను అడగలేదు గానీ నా చూపు వాడి మీదే ఉందేమో, తనే అంది: "నీ మీద కోపం లేదమ్మా. కోపముంటే రమ్మంటానా? కానీ బిడ్డను మాత్రం ఇయ్యలేను. చెయ్యి రావడం లేదు." సరేనన్నాను. నాకు అవమానం అనిపించలేదు. ఏడాదిగా అందరూ నా తప్పు లేదంటున్నారు. ఆ మాట గొంతు దిగలేదు. ఆమె ఒక్కతే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బస్సులో వస్తుంటే మనసు కాస్త తేలికపడింది.

వచ్చిన మర్నాడే డాక్టరుగారి గదిలోకి పోయాను. పసిగదిలో తల్లులకు మంచాలు వేయించమన్నాను. మనిషికో తువాలు ఉండాలన్నాను. పాలు పీల్చలేని బిడ్డకైనా తల్లిపాలే పిండి పట్టాలన్నాను. "తల్లులు రోగాలు తెస్తారే" అన్నారు. "మొన్న తెచ్చింది తల్లులా?" అన్నాను. నిన్న రెండు మంచాలు వేశారు. పెద్ద మార్పు ఏమీ కాదు, రెండే మంచాలు. ఆ గదికి నన్ను మళ్లీ రమ్మన్నారు. ఇంకా జవాబు చెప్పలేదు.

పరంజ్యోతి


పట్టపుపాళెం,
20-2-1963.

అక్కా,

నవంబరు నుంచి మళ్లీ పసిగదిలోనే ఉన్నావని నీ కార్డులో చూసి సంతోషించాను. ఈ ఆరు నెలల్లో ఇక్కడ ఏడు కాన్పులు. ఏడింటికీ అంకాలమ్మా నేనూ కలిసే పోయాం. ఆరుగురు బతికి ఉన్నారు. ఒక బిడ్డ వారానికే విరేచనాలై పోయింది. తొలిపాలు పట్టాం, చేతులు కడిగాం, అయినా పోయింది. ఎందుకో తెలియదు. అంకాలమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

కింద ఉన్నది నా మాట కాదు. కామమ్మ ఎదురుగా కూర్చుని చెబుతోంది. చెప్పింది చెప్పినట్టు రాయకపోతే ఒప్పుకోనంటోంది.

"అమ్మా, నేను కామమ్మను. నువ్వొచ్చిన పొద్దు బిడ్డను ఇయ్యలేదు. ఆ మాట నాకు ముల్లులాగ గుచ్చుకుంటానే ఉండాది. అప్పుడు చెయ్యి రాలేదు, ఏం జేసేది? ఇప్పుడు వీడికి ఆరు నెలలు. బోర్లపడి పాకతా ఉండాడు. ఇసక తింటాడు, చేప ముల్లు నోట్లో పెట్టుకుంటాడు, మాయత్త అరస్తానే ఉంటాది. ఇంతమంది ఎత్తుకుంటుండారు, నువ్వొక్కతివి ఎత్తుకోకపోతే ఎట్టా? పోయిన పెద్దదాన్ని నువ్వు బాగా చూసుకున్నావు. అది నాకు తెలుసు. వచ్చే శుక్రవారం మొదటి బస్సుకు వస్తుండాము. చేతులు కడుక్కోని ఉండు. ఎత్తుకుందువు గాని."